రంగం కాసు ఏ రాజుది?

నేను చెప్తుంటే మా అమ్మాయి పద్మ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. ఈ ప్రయాణం పెద్దదేమీ కాదు. సింగపూరులో ఆంగ్ మో కియో నుంచి టోవా పాయో దాకా, రైల్లో మూడు స్టేషన్లు. అయినా సూళ్లూరుపేట నుంచి మద్రాసు పోయి విమానమెక్కి ఇంత దూరం వచ్చినప్పుడు కూడా నాకు ఇంత గుండెదడ లేదు.

పద్మ పురిటికి వచ్చాను. ఆడపిల్ల. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఏడాదిని తప్పు చదువుతాయట, వాటిని ముందే సరిచేసే ఉద్యోగం పద్మది. దాని సెలవూ అయిపోతోంది, నా వీసా గడువూ అయిపోతోంది. నేను వెళ్ళాక పాపను చూసుకోవడానికి అయిదో అంతస్తులో ఉండే చైనా ఆంటీ ఒప్పుకుంది. ఆమెకూ నాలాగే భర్త లేడు. చిన్నప్పుడు మలయా రబ్బరు తోటల్లో తమిళుల పక్కన పెరిగింది కాబట్టి తమిళం మాట్లాడుతుంది. మా ఆయన మద్రాసుకు లారీ తోలేవాడు, ఆ భాష నాకూ వచ్చు. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లీ అనేది. బాగా కుదిరింది.

ఒకరోజు పాపకు నీళ్ళు పోస్తుంటే ఆమె కన్ను మొలతాడు మీద పడింది. దానికి చిల్లు కాసు కట్టాను. మా అమ్మ తండ్రి రంగంలో, అంటే రంగూన్‌లో, ఓడరేవు పని చేసి తెచ్చిన కాసు అది. చిల్లు చుట్టూ చేప పొలుసుల్లాంటి గీతలు. మా అమ్మకు కట్టారు, నాకు కట్టారు, నేను పద్మకు కట్టాను. రంగం డబ్బనే మేమంతా అనుకున్నాం.

ఆంటీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది జపాన్‌ది. నాకు ఏడేళ్ళప్పుడు, యుద్ధంలో, వాళ్ళ సైనికుడొకడు ఇలాంటిదే నా చేతిలో పెట్టి మా అన్నను లారీ ఎక్కించాడు. అన్న మళ్ళీ రాలేదు."

"మా తాత యుద్ధానికి ఎంతో ముందే తెచ్చాడక్కా."

"యుద్ధం నాటి జపాన్ రాజు అంతకు ముందు కూడా ఉన్నాడు."

కాసు అప్పటికప్పుడే విప్పేశాను. అయినా ఆ రాజు డబ్బున్న ఇంట్లో కాలు పెట్టలేనని వెళ్ళిపోయింది. పద్మ ఇంకో మనిషిని వెతికింది, దొరకలేదు. "ఉద్యోగం మానేస్తానమ్మా. లేదంటే పాపను నువ్వు తీసుకుపో," అంది. పాలు తాగే పిల్లను తల్లినుంచి విడదీసి నేను విమానం ఎలా ఎక్కేది?

మర్నాడు పొద్దున కిందికి దిగి ఆంటీ తలుపు కొట్టాను. టోవా పాయోలో పాత నాణేల కొట్టు ఉందని పద్మ కనుక్కుంది. "నువ్వూ రా. ఏ రాజుదో నీ చెవులతోనే విను. ఆ రాజుదే అయితే సముద్రంలో పారేస్తాను," అన్నాను.

"మీ తాత తెచ్చింది పారేస్తావా?"

"పాప కంటే ఎక్కువా?"

ఆమె చెప్పులు వేసుకుంది.

పది గంటలకు రైలెక్కాం. ఆంటీ నాకు దూరంగా కూర్చుంది. నా పక్కనున్న హైదరాబాదు ముస్లిం ఆవిడ నా చీరకట్టు చూసి తెలుగులో పలకరించింది. "నీ వెంట వచ్చినామె గంత దూరం కూసుందేంది? లొల్లి అయిందా?"

"అయింది. తేల్చుకోడానికే పోతున్నాం."

"అయితే ముందుగాల ఏమన్న తిన్రి. ఆకలి మీద ఎవ్వలు మాట వినరు."

మంచి మాటే చెప్పింది. కొట్టు పదకొండుకు గాని తెరవరు. స్టేషను బయట తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఆంటీ ఒక టేబుల్ మీద కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు పెట్టింది. అలా పెడితే ఆ టేబుల్ మనదేనట. దాన్ని ఛోప్ అంటారు. మా ఊరి బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే. రెండు కాఫీలు, రొట్టె ముక్కలు తెచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

కొట్టు మేడమీద, ఇరుకు గది. ముసలాయన ఒక్కో రాజు కాలానికి ఒక్కో పెట్టె వేరుచేసి పెట్టుకున్నాడు. మేజీ, తైషో, షోవా. ఆయన చైనా భాషలో చెప్పింది ఆంటీ నాకు తమిళంలో చెప్పింది. జపానులో ఏడాదిని రాజు కాలం పేరుతో పిలుస్తారట. రాజు మారితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలట.

"మా పద్మ ఆఫీసులో వాళ్ళకు ఈ సంగతి చెప్పొద్దు, ఉన్న మతి పోతుంది," అన్నాను. ఆంటీ ఆ మాట ఆయనకు చేరవేసింది. ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు.

కాసు చూడగానే ఆయన రెండు పెట్టెల్లోంచి రెండు తీసి పక్కన పెట్టాడు. మూడూ ఒకేలా ఉన్నాయి. ఇదే అచ్చు తైషో రాజు కాలంలోనూ పోశారు, ఆయన కొడుకు షోవా రాజు కాలంలోనూ కొన్నేళ్ళు పోశారట. యుద్ధం నాటి రాజు ఆ కొడుకే. అక్షరాలు చూస్తే తప్ప తేలదు. మా కాసు మీద అక్షరాలు ఇంతమంది నడుములకు రాసుకుని అరిగిపోయాయి.

భూతద్దం పెట్టి చాలాసేపు తిప్పి, "తైషో," అన్నాడు.

ఆంటీ నమ్మలేదు. "వ్యాపారం చేసేవాడివి, సంతోషపెట్టి పంపుతావు."

"జపాన్ వాళ్ళు రాసేదీ చైనా అక్షరాలే కదా, నువ్వే చదువుకో."

"నేను బడికి పోలేదు. బడిలో వెయ్యాల్సిన ఏడాదే జపాన్ వాళ్ళు వచ్చారు."

ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చి, ఒకచోట వేలు పెట్టి చూపించాడు. ఆమె వంగింది. లేవలేదు. చివరికి, "ఇది నా అయిదు," అంది.

సంగతేమిటంటే, ఆంటీ ఎన్నో ఏళ్ళు మార్కెట్లో చేపలమ్మింది. బుట్ట దిగినప్పుడల్లా గోడమీద ఒక గీత గీసేది. చైనా వాళ్ళ లెక్కలో అయిదు గీతలూ కలిస్తే వాళ్ళ అక్షరం ఒకటి అవుతుంది. తైషో పేరులో రెండో అక్షరం అదే. కొడుకు రాజు పేరులో అది లేదు.

"పేరు తెలియకుండానే ఇన్నాళ్ళు గీశాను చెల్లీ," అంది.

చాలా రోజుల తర్వాత చెల్లీ అంది. మేము పాల లెక్కకు గోడమీద నాలుగు నిలువు గీతలు గీసి అడ్డంగా ఒకటి కొడతామని నా అరచేతిలో గీసి చూపించాను. ఆమె తన అయిదు నా రెండో అరచేతిలో గీసింది. చక్కిలిగింతకు ఇద్దరం నవ్వాం. కొట్టాయన మమ్మల్ని చూస్తూ పెట్టెలు సర్దుకున్నాడు.

తిరుగు రైల్లో ఆంటీ నా పక్కనే కూర్చుంది. కొంతసేపటికి, "ఆ సైనికుడిచ్చింది ఏ రాజుదో నేను చూడలేదు. కాలువలో పారేశాను," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బిషాన్ దాటాక కాసు అడిగి తీసుకుని బొటనవేలితో రుద్దింది.

"తాడు నల్లదెందుకు? పిల్లకు ఎర్రది కట్టాలి."

"దిష్టికి నల్లదే అక్కా."

"అయితే రెండూ కలిపి పేను."

నేనీ దేశంలో ఎత్తయిన మేడలు, సముద్రం ఒడ్డు అన్నీ చూశాను. ఎవరైనా అడిగితే మాత్రం ఈ మూడు స్టేషన్లే చెప్తాను. మనసులో రాయి పెట్టుకుని వెళ్ళి, తేలిగ్గా తిరిగొచ్చిన దారి ఇదొక్కటే.

మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఒకటి, అయిదు, తొమ్మిది. ఆమెది అయిదు, మాది తొమ్మిది. లిఫ్టులోకి ఆంటీయే ముందు ఎక్కింది. తొమ్మిది ఒక్కటే నొక్కి, "పాప నిద్ర లేచే వేళయింది," అంది.