వంటింటి గుమ్మంలో రెండు జాతులు

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మా వంటింటి తలుపు నా చేతిలోకి వచ్చింది. గడియ కాదు, తలుపే. ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. నా కాళ్ళ దగ్గర మా తోడల్లుడు బోర్లా పడుకుని, గుమ్మంలో తాను కోసిన కంతలోకి భూతద్దంతో చూస్తున్నారు.

"తమ్ముడూ, వెలుతురుకు అడ్డం వస్తున్నావు, కాస్త జరుగు."

తలుపుతో సహా జరిగాను.

ఆయన మా ఆవిడ అక్కకు భర్త. మ్యూజియంలో పురుగుల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చీమలు అతికిస్తున్నారు. చీమకు సూది గుచ్చితే ఇక చీమ మిగలదు. అందుకని చిన్న అట్టముక్కను కోసుగా కత్తిరించి, కొసకు జిగురు చుక్క పెట్టి, దానిమీద చీమను కూర్చోబెట్టి, సూదిని అట్టకు గుచ్చుతారు. కింద గోరంత చీటీ: ఎక్కడ, ఎప్పుడు, పట్టినవారు ఎవరు. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఆయన రాసిచ్చిన సరుకుల జాబితా చదవడానికి కొట్టాయన కళ్ళజోడు మార్చుకుంటాడు. పెళ్ళిఫోటో వెనక స్థలం, తేదీ, దాని కింద "పట్టినవారు: మామగారు" అని ఉంటుంది. మా వదిన ఆ ఫోటోను గోడకు మేకులతో కొట్టించేసింది.

ఆయన బెంగంతా వడ్రంగి చీమల గురించి. ఇవి చెక్కను తినవు, తొలిచి అందులో కాపురం పెడతాయి, పొట్టు బయట పారబోస్తాయి. మ్యూజియంలో వీటికి రెండు సొరుగులు. పెద్ద తలవి ఒక పేరుతో ఒక దాంట్లో, చిన్న తలవి ఇంకో పేరుతో ఇంకో దాంట్లో. ఎక్కడెక్కడ దొరికాయో చూపించే పటాలు కూడా రెండు. ఆ రెండు పటాలమీదా చుక్కలు పక్కపక్కనే పడుతున్నాయని ఆయన ఏనాడో కనిపెట్టారు.

"ఇవి రెండు జాతులు కావు మేడం, ఒక తల్లి కూతుళ్ళే. పెద్ద తలది బరువు పని చేస్తుంది, చిన్న తలది చిల్లర పని చేస్తుంది."

"అనుమానం సాక్ష్యం కాదండీ," అన్నారు మేడం. ఆవిడ ఆ విభాగానికి పెద్ద. "ఒకే గూట్లోంచి రెంటినీ పట్టుకు రండి, ఒప్పుకుంటాను. ఈ చీమలమీద మన వ్యాసం నెలాఖరుకు అచ్చుకు వెళ్తుంది."

ఆయన రిటైర్మెంటు కూడా నెలాఖరుకే. ఆలోపు గూడు దొరక్కపోతే ఆ అక్కచెల్లెళ్ళు పరాయివాళ్ళుగానే అచ్చులోకి ఎక్కుతారు, ఈయన ఉత్త చేతులతో ఇంటికి వెళ్తారు. అందుకని మూడు వారాలు ఊళ్ళో ఎండుమాను కనబడితే చాలు, చెవి ఆనించారు. కలప అడితి యజమాని ఈయన్ను తనిఖీ అధికారి అనుకుని రెండుసార్లు టీ కూడా ఇప్పించాడు. గూడు మాత్రం దొరకలేదు.

నెలలో చివరిదైన ఆ ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ గుమ్మం దగ్గర చిమ్ముతోంది.

"ఈ పొట్టు ఎన్నాళ్ళనుంచి రాలుతోందమ్మా?"

"రెండు నెలలైంది బావా. మీ తమ్ముడికి చెప్తే పాతచెక్క అంతే అన్నారు."

ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. వెంటనే గుమ్మాన్ని వేలితో తట్టారు, చెవి పెట్టారు, రంపం అడిగారు.

"కొంచెం కోయాలి మరదలా."

"ఎంత కొంచెం?"

"జానెడు."

"తలుపు ఉంటుందా?"

"తలుపు ఎక్కడికి పోతుంది?"

కింది బందు సరిగ్గా ఆ జానెడులోనే ఉందనీ, పైబందు ఒక్క మరమేకుమీద వేలాడుతోందనీ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

కంతలోంచి ముందు చిన్న తలవి పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన పెద్దముత్తైదువలా ఒక పెద్ద తలది నింపాదిగా వచ్చింది. ఆగి, వంగి, చిన్నదాని నోట్లో ఏదో పెట్టింది.

"చూశావా తమ్ముడూ, తినిపిస్తోంది," అన్నారు. భూతద్దం తుడుచుకున్నారు. మసకబారింది అద్దం కాదని నాకు తెలుసు.

రెండు రకాలనూ ఒకే సీసాలోకి ఎక్కించి, అక్కడే నేలమీద కూర్చుని చీటీ రాశారు. మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసింది.

"నా పేరూ, వీధీ, వంటిల్లూ అన్నీ ఎందుకు బావా? ఏదో ఒక ఇల్లు అని రాస్తే పోలా?"

"ఎక్కడిదో చెప్పలేని చీమ చెత్తబుట్టకే అమ్మా."

సోమవారం మేడం సీసా చూశారు, చీటీ చదివారు, రెండు సొరుగుల్నీ ఒకటి చేశారు. ముందు పెట్టిన పేరు నిలిచింది, రెండోది కొట్టివేతలోకి పోయింది. రెండు పటాలూ కలిశాయి. అంతవరకూ ఖాళీగా ఉన్న మా వైపు ఒక కొత్త చుక్క పడింది.

పత్రిక అచ్చై వచ్చింది. రిటైరైన మనిషి కదా, తీరిగ్గా ఆ ప్రతిని తనే తెచ్చి మరదలి చేతిలో పెట్టారు. ఆవిడ పటం చూసింది, పటం కింది జాబితా చదివింది, చదివేకొద్దీ గొంతు పెరిగింది.

"కొండ, అడవి, అడవి, నది ఒడ్డు, తోట... అందరివీ అడవులు, నాది వంటిల్లు! దేశదేశాలవాళ్ళు చదివే పుస్తకంలో నా వంటింట్లో చీమలున్నాయని చుక్కపెట్టి మరీ చెప్తారా? నాకు తెలీదు, ఆ చుక్క చెరిపించండి బావా!"

"చెరిపిస్తే అవి మళ్ళీ రెండు జాతులైపోతాయి మరదలా."