డబ్బా విసిరిన ఫిలొమీనా

ఫిలొమీనా అరూడాకు కేసినోలో ఉద్యోగం ఇవ్వరట అన్న మాట విని మా పొకానెట్ ఊళ్ళో మొదట నవ్వని వాళ్ళు లేరు. ఎవరో వేళాకోళానికి పుట్టించిన మాట అనుకున్నారు. అనుకోరూ మరి! ఆ కేసినో మా ఊరికి వచ్చిందంటే సగం ఆవిడ చలవే. కేసినోలకి అనుమతిచ్చే చట్టం కావాలని యూనియన్ వాళ్ళు బస్సులు కట్టుకుని బోస్టన్ వెళ్ళినప్పుడల్లా ముందు సీటు ఆవిడది. ఊళ్ళో ఓటింగ్ పెట్టినప్పుడు నారింజ రంగు చొక్కా తొడుక్కుని, వానలో నాలుగు రోడ్ల కూడలిలో ఓటెయ్యమని రాసిన అట్ట పట్టుకుని నిలబడి, హారన్ కొట్టిన ప్రతి కారుకీ ముద్దులు విసిరింది. ఇంతా చేసి ఆవిడ అడిగింది మేనేజరు పదవి కాదు. వంటింట్లో గిన్నెలు తోమే పని.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడే పోర్చుగల్ వాళ్ళ అజోర్ దీవుల నుంచి తల్లితో ఇక్కడికొచ్చి, వచ్చిన వారానికే కర్టెన్ల మిల్లులో కుట్టు మిషను ముందు కూర్చుంది. మనిషి పొట్టి. కుర్చీలో దిండు వేసుకుంటే గానీ మిషను అందేది కాదు. నోరు మాత్రం మిల్లు గేటు దాకా అందేది. సూపర్‌వైజరు ఎవర్నన్నా బాత్రూముకి వెళ్ళనివ్వకపోతే ఈవిడ మిషను ఆపేసేది, ఆవిణ్ణి చూసి వరసంతా ఆపేసేది. భర్త చేపల పడవ మీద వెళ్ళి సముద్రంలో పోయాడు. పిల్లల్లేరు. మిల్లే సంసారం, యూనియనే పుట్టిల్లు అన్నట్టు బతికింది.

మిల్లు మూతపడ్డాక ఆ బతుకు చెదిరింది. పొరుగూరి చేపల ఫ్యాక్టరీకి మనుషుల్ని తోలే వాన్ ఒకటి తెల్లారకముందే చర్చి పక్కన ఆగుతుంది. చోటుంటే పని, లేకపోతే ఇంటికి. మంచులో పెట్టిన చేపల్ని కోసి కోసి ఆవిడ వేళ్ళు మొద్దుబారిపోయాయి. సాయంత్రం బ్లౌజు గుండీ పెట్టుకోవడానికి కూడా పక్కింటి వాళ్ళని పిలవాల్సి వచ్చేది. పైగా యూనియన్ పింఛను పూర్తిగా రావాలంటే ఇంకా కొన్నేళ్ళ సర్వీసు కావాలి. వాన్ ఎక్కి వెళ్ళి చేసే పని సర్వీసు కింద లెక్కకు రాదు. అలాంటి సమయంలో, పాత మిల్లు స్థలంలోనే కేసినో కడతారు, హోటలు కడతారు, లోపల ఉద్యోగాలన్నీ యూనియన్ ఉద్యోగాలే అన్నారు. ఆవిడ ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. ఇక ఫిలొమీనా ఆగుతుందా?

ఇంటింటికీ తిరిగి ఓట్లు అడగడంలో ఆవిడకు ఆవిడే సాటి. జనం భయం ఒకటే, కేసినో వస్తే దొంగలూ రౌడీలూ దిగుతారని. దానికి ఫిలొమీనా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"చట్టం చూశారా? పోలీసు కేసున్నవాణ్ణి గేటు లోపల పనికి అడుగు పెట్టనివ్వరు. గిన్నెలు తోమడానికి కూడా రానివ్వరు! ఇంకా దొంగలెక్కడి నుంచి వస్తారండీ?"

ఆ మాట అంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. యూనియన్ హాల్లో మిగతా వాళ్ళకి కూడా ఆవిడే నేర్పింది, ఇలా అనండి, తలుపు తీసినవాళ్ళు మళ్ళీ వేయరు అని. ఒక ఇంట్లో మాత్రం ముసలావిడ అడిగింది.

"మా మనవడు చిన్నప్పుడు తెలివితక్కువతనాన ఒక కారు ఎత్తుకుపోయాడమ్మా. ఇప్పుడు బుద్ధిగా ఉన్నాడు. వాడి గతేం కాను?"

"చేసే ముందు ఆలోచించుకోవాల్సింది," అని ఫిలొమీనా తరవాతి ఇంటికి నడిచింది.

చట్టం వచ్చింది. ఊరు ఓటేసింది. గోడలు లేచాయి. ఉద్యోగాలు మొదలయ్యాయి. వంటింటి పనికి కూడా లైసెన్సు కావాలన్నారు కాబట్టి, ఫిలొమీనా ఆదివారం చర్చికి వేసే నీలం గౌను వేసుకుని లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళింది. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు. కంప్యూటరులో చాలాసేపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మీకు ఇవ్వడం కుదరదండీ. మీ మీద ప్రమాదకరమైన ఆయుధంతో దాడి చేసిన నేరం ఉంది."

ఫిలొమీనా వెనక్కి తిరిగి చూసింది. తన వెనకాల ఇంకెవరన్నా ఉన్నారేమోనని.

"నాతోనేనా అమ్మాయ్?"

"మీరే కదండీ, అరూడా? కర్టెన్ల మిల్లు దగ్గర. ఒక డ్రైవరుకి నుదురు చిట్లింది."

"అదా!" ఫిలొమీనా పెద్దగా నవ్వేసింది. "ఆయుధమంటావేంటే పిల్లా, అది చిక్కుడుగింజల డబ్బా! సమ్మెలో జరిగింది. ఊరంతా అడుగు, చెప్తారు."

"సమ్మె అని రాసుకునే చోటు ఇందులో లేదండీ. నేరం ఒప్పుకున్నట్టు ఉంది. గిన్నెలు తోమడానికి కూడా వీల్లేదండీ, చట్టం అలా ఉంది."

ఫిలొమీనా కౌంటరు పట్టుకుంది. ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చింది తన మాటే, అక్షరం పొల్లుపోకుండా. ఇంటింటి తలుపు ముందూ నిలబడి తను వేసిన ఆ గేటు తన మీదే పడింది. కారు ఎత్తుకుపోయిన కుర్రాడి నాయనమ్మ కళ్ళ ముందు మెదిలింది. అంతకంటే ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

ఆ డబ్బా సంగతి మా ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. గడ్డకట్టే చలిలో మిల్లు గేటు ముందు సమ్మె. మా బదులు పనిచేయడానికి వేరే ఊరి మనుషుల్ని వాన్లలో తెస్తున్నారు. సమ్మె చేసేవాళ్ళ కోసం చర్చివాళ్ళు పంపిన చిక్కుడుగింజల రేకు డబ్బాల అట్టపెట్టె ఒకటి మంట పక్కన ఉంది. అందులోంచి ఒకటి ఎగిరివెళ్ళి వాను అద్దం పగలగొట్టింది. డ్రైవరు నుదుటి మీద రక్తం. పోలీసు వచ్చి, "ఎవరు విసిరింది?" అన్నాడు. ఫిలొమీనా ముందుకొచ్చి, "నేనే. ఏం, నీకొకటి కావాలా?" అంది. యూనియన్ లాయరు ఒప్పేసుకోమన్నాడు. జైలు ఉండదు, ఇంటికి పోవచ్చు, ఇక్కడితో వదిలిపోతుంది అన్నాడు. ఒప్పేసుకుంది. కోర్టు మెట్లు దిగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి, ఇక్కడ సెప్టెంబరులో జరిపే కార్మికుల పండగ వచ్చిందంటే చాలు, యూనియన్ హాల్లో గుడ్లూ సాసేజిలూ తింటూ మా నాయకుడు గిల్ కమారా ఆ కథ చెప్పాల్సిందే, "నీకొకటి కావాలా" దగ్గర హాలంతా ఆయనతో గొంతు కలపాల్సిందే, ఫిలొమీనా లేచి లేని డబ్బా విసరాల్సిందే. ఆ కేసు ఆవిడకు మచ్చ కాదు, పతకం. అందుకే ఇంటింటికీ వెళ్ళి కేసున్నవాళ్ళ గురించి అన్ని మాటలు అంటున్నప్పుడు, తనకీ ఒక కేసుందని ఆవిడకు తట్టనైనా తట్టలేదు.

నిజానికి ఆ డబ్బా విసిరింది ఆవిడ కాదు. పక్క మిషను మీద కుట్టే జీలియా రెజెండిస్. అప్పుడు జీలియా నిండు చూలాలు. పోలీసు అడగ్గానే ఆ పిల్ల మొహం పాలిపోవడం చూసి, ఫిలొమీనా ఇంకేం ఆలోచించకుండా ముందుకు నడిచింది. ఆ రోజు సాయంత్రం జీలియా ఆవిడ మెడ పట్టుకుని ఏడ్చింది. పుట్టిన పిల్లకి ఫిలొమీనా పేరే పెట్టుకుంది. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఇద్దరి మధ్యా రాలేదు. చేసిన మేలు ఎత్తి చూపించే రకం కాదు ఫిలొమీనా.

లైసెన్సుల ఆఫీసు నుంచి ఆవిడ నేరుగా యూనియన్ హాలుకి వెళ్ళింది. విషయం విని గిల్ కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ ముక్క చట్టంలో ఎవరు పెట్టారు గిల్?"

"మేమే ఒప్పుకున్నాం సోదరీ."

"ఇప్పుడు సోదరీ గీదరీ అనకు. ఎందుకు ఒప్పుకున్నారు?"

"శాసనసభలో ఓట్లు చాల్లేదు మీనా. మీరూ ఏదో ఒకటి వదులుకోండి అన్నారు. ఇదైతే మనవాళ్ళకి తగలదు, ఎవడో దొంగ వెధవకి తగుల్తుంది అనుకున్నాం."

"ఏడాదికోసారి నా కథ మైకులో చెప్తావే! అప్పుడు నేను గుర్తు రాలేదా?"

గిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు నేరస్తురాలివని నాకెప్పుడన్నా అనిపిస్తేగా గుర్తు రావడానికి?"

ఆ మాట అబద్ధం కాదు. అదే ఎక్కువ బాధ. తిట్టడానికి వచ్చిన మనిషి తిట్టలేక నిలబడిపోయింది. సవరణ తెస్తామన్నాడు గిల్. అది వచ్చేసరికి నేను పైకి పోతాను అంది ఫిలొమీనా. ఆయన లాయరుకి ఫోను చేసి, చాలాసేపు విని పెట్టేశాడు.

"ఒక్క దారి ఉందంటున్నాడు. విసిరింది నువ్వు కాదని, తనేనని ఇంకెవరన్నా వచ్చి ప్రమాణం చేసి చెప్తే కేసు తిరగతోడొచ్చట. ఇన్నేళ్ళయ్యాక వాళ్ళనీ ఎవరూ ఏమీ చేయలేరట." నీరసంగా నవ్వాడు. "కానీ ఏం లాభం? విసిరింది నువ్వే కదా."

ఫిలొమీనాకు ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. జీలియాకు అప్పటికే అదే కేసినోలో గదులు సర్దే పని దొరికింది. తను పేరు బయటపెట్టడం కాదు, ఆ పిల్లే వచ్చి చెప్పాలి. చెప్తుంది. ఎందుకు చెప్పదు? వినగానే పరుగెత్తుకొస్తుంది అనుకుంది ఫిలొమీనా. ఇంటికెళ్ళి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరీ ఎదురు చూసింది.

ఆ రోజు రాలేదు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చింది, చేతిలో తీపి రొట్టెతో. గుమ్మంలోనే ఫిలొమీనాను పట్టుకుని బావురుమంది.

"గిల్ అంతా చెప్పాడక్కా. మూడు రోజులుగా నిద్ర లేదు నాకు. ఆ లాయరన్న మాట కూడా చెప్పాడు."

"కూర్చో," అంది ఫిలొమీనా. ఆవిడకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "కూర్చుని నెమ్మదిగా చెప్పు. నాకేం కోపం లేదు నీ మీద."

జీలియా కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఫిలొమీనా చేతి మీద చెయ్యి వేసింది.

"ఏం చెప్పను అక్కా. నువ్వు ఆ రోజు అది విసరకుండా ఉండాల్సింది."

ఫిలొమీనా ఆ మొహంలోకి చూసింది. పరాచికమా? కాదు. సిగ్గుతో తప్పించుకుంటోందా? అదీ కాదు. ఆ కళ్ళలో బెరుకనేదే లేదు. ఉన్నదల్లా జాలి. ఏటేటా మైకులో విని, చప్పట్లు కొట్టి, కూతురికి నిద్రపుచ్చుతూ చెప్పి, చెప్పి, జీలియా ఆ కథను పూర్తిగా నమ్మేసింది.

"జీలియా," అంది ఫిలొమీనా. "విసిరింది నువ్వే కదే."

జీలియా నిర్ఘాంతపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫిలొమీనాకు జ్వరమేమో అన్నట్టు చూసి, మళ్ళీ మెత్తబడింది.

"నేనా? నేనెలా విసురుతాను అక్కా? అప్పుడు నేను కడుపుతో ఉన్నాను కదా!"

పొయ్యి మీద కాఫీ పొంగి మంట మీద పడుతోంది. జీలియానే లేచి కట్టేసింది. తీపి రొట్టె కోసి ఒక ముక్క ఆవిడ ముందు పెట్టింది.

"ఇలాంటి మాటలు బయట ఎక్కడా అనకు అక్కా," అంది ఆప్యాయంగా ఆవిడ వీపు నిమురుతూ. "ఉద్యోగం కోసం నా మీదకి తోస్తున్నావనుకుంటారు."