మా ముందుగది కంప్యూటరుకు వైరస్ రాదు

మా ఆయన హోసూరులో మూకండపల్లి పక్కన ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ముందుగదిలో ఇంకో మిషన్ ముందు కూర్చునేవాడు. అది కంప్యూటరు. తొంభైల మధ్యలో, మా పాపను బడిలో వేసిన కొత్తలో, ఎవరో వద్దనుకున్న పాతదాన్ని ఎత్తుకొచ్చాడు. ఉద్యోగాల దరఖాస్తులు టైపు చేసి ఇవ్వడంతో మొదలుపెట్టాడు. మా వీధిలో సగం మంది పల్లెలు వదిలి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లే కాబట్టి దరఖాస్తులకు కొదవ లేదు.

దానికి మొదటిసారి జబ్బు చేసిన రోజు బాగా గుర్తుంది. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరసగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక్కొక్కటే రాలి, తెర అడుగున కుప్పగా పడ్డాయి, గాలికి చింతాకు రాలినట్టు. దరఖాస్తు రాయించుకుంటున్న ఆయన లేచి నిలబడి, "ఏమప్పా, నా పేరు యాడికి పోయినాది?" అన్నాడు. మా ఆయన పెట్టెను రెండు దెబ్బలు తట్టాడు. మా ఇంట్లో రేడియో అలా తడితేనే పలికేది మరి.

కృష్ణగిరిలో కంప్యూటరు కోర్సు చదువుతున్న మా తమ్ముడు ఆదివారం వచ్చి చూశాడు.

"బావా, దీనికి వైరస్ తగిలింది."

"తగిలేదానికి ఇదేమన్నా మనిషా?"

"ఎవురో ఇచ్చిన ఫ్లాపీలో వచ్చినాది. ఇది పాత సిస్టం కదా, అందుకే. కొత్తది ఏస్తాను చూడు. దానికి రాదు."

దానికి రాదు! ఆ తరువాత పదేళ్లకు పైగా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తమ్ముడు వచ్చినప్పుడల్లా పెట్టెను లోపల నడిపే పాత సిస్టం తీసి కొత్త సిస్టం వేసేవాడు. వేసిన రోజు మా ఆయన పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. కొన్నాళ్లు బాగానే ఉండేది. ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చుని ఆ కొత్తదాన్ని, కొత్త అల్లుడిని పొగిడినట్టు పొగిడేవాళ్లు. ఇంకొన్నాళ్లకు దానికీ జబ్బు చేసేది. అప్పుడు అదే నోటితో, "ఇది మొదట్నుంచీ ఇంతేక్కా, దీనికి తలుపులు లేవు, గడియలు లేవు" అనేవాడు తమ్ముడు. నిరుడు కొబ్బరికాయ కొట్టింది దీనికే కదరా అంటే, "నీకు తెలీదు, ఊరికే సుమ్నే ఉండక్కా" అనేవాడు.

రంగుల తెరతో విండోస్ వచ్చాక పెళ్లి పత్రికలు మొదలయ్యాయి. మా వైపు పత్రిక అంటే ఒక భాషతో పోదు. పెళ్లికూతురి వాళ్లకు తెలుగు, ఊత్తంగరై చుట్టాలకు తమిళం, బెంగుళూరు వాళ్లకు కన్నడం. మూడూ కొట్టించుకోవాలి. అప్పుడే ఫోను తీగతో ఇంటర్నెట్ కూడా పెట్టించాడు. ఆ ఏటి విండోస్ ఇనుప తలుపు లాంటిదని తమ్ముడు హామీ ఇచ్చాడు. ఆ ఇనుప తలుపు సంగతి చెబుతాను వినండి. ఫోను తీగ తగిలిస్తే చాలు, తెర మీద ఒక చీటీ లేచేది, నేను ఆరిపోబోతున్నాను అని. నిజంగానే ఆరిపోయేది. మళ్లీ లేచేది. మళ్లీ చీటీ. పెళ్లికూతురి పేరు సగంలో ఉండేది, వాళ్ల మేనమామలు అరుగు మీద ఉండేవాళ్లు, నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. వచ్చినవాళ్లకు టీలు పెట్టి పెట్టి నా నడుం పడిపోయింది. "ఇనుప తలుపని చెప్పినావే?" అని తమ్ముణ్ణి అడిగితే, "తలుపు ఇనుముదేక్కా, కిటికీ తెరిచి పెట్టినారు" అన్నాడు. వాడికి నవ్వు. నాకు ఒళ్లు మండింది.

ఆఖరికి ఒకరోజు వాడు ఇంకో సిస్టం తెచ్చాడు. లినక్స్ అట. తెర మీద బాతులాంటి ఒక పక్షి.

"బావా, ఇంతవరకూ ఏసినవన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. దీనికి మాత్రం రాదు."

"ఎందుకు రాదురా?" అన్నాను.

"దీని కట్టుబడే వేరేక్కా. ఇంగొకటి, దీన్ని వాడేవాళ్లు తక్కువ. వైరస్ రాసేవాడు పదిమంది ఉండే చోటికే రాస్తాడు."

"అట్ల చెప్పు. మన డెంకణికోట పక్క కొండ కింద చేనుకు ఏనుగు రాదని పేరు ఉండె కదా. ఆ చేనాయన ఏమి ఏసేవాడు?"

"ఆముదాలు. ఏనుగు దాని మొహం చూడదు."

"రాగులు ఏసిన ఏడు ఏమైనాది?"

తమ్ముడు పళ్లెం ముందుకు లాక్కున్నాడు. "ముద్ద చల్లారిపోతాండాది, పెట్టక్కా" అన్నాడు. అంతే, ఆ మాట అంతటితో పోయింది. మా పుట్టింటి ఊళ్లో ఏనుగుల గురించి నేను చెబితే వింటారు గానీ, కంప్యూటరు పక్కన నిలబడి చెబితే అది మాట కాదు.

కానీ ఆ పక్షి సిస్టం నిజంగానే నిలబడింది. ఒక ఏడు గడిచింది, ఇంకో ఏడు గడిచింది. అక్షరాలు రాలలేదు, చీటీలు లేవలేదు. వీధిలో ఎవరింట కంప్యూటరు పడకేసినా మా ఇంటివైపు చూడడం మొదలుపెట్టారు. అప్పటికి ఫ్లాపీలు పోయి, బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. "మీ ఇంట్లో అయితే శుభ్రం, ఈడనే ఎక్కించి ఇయ్యండి" అని పెన్‌డ్రైవ్‌లు మా ఇంటికే తెచ్చేవాళ్లు. మా ఆయన భుజాలు రెండు వేళ్లు పైకి లేచాయి.

ఇక్కడే ఆయన చేసిన పని చెప్పాలి. మా వైపు ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పక్కింటివాళ్లు గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వం. నాలుగు అనపకాయలో, ఒక బెల్లం ముక్కో వేసి ఇస్తాం. మా అత్త నేర్పిన పద్ధతే, నేను మా పాపకు నేర్పాను. మా ఆయనకు ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాడు, నేర్చుకుని దాన్ని పెన్‌డ్రైవ్‌కు పెట్టాడు. పెళ్లి పత్రిక ఎక్కించి ఇచ్చేటప్పుడు దానితోపాటు దేవుడి బొమ్మల ఫోల్డరు ఒకటి వేసి ఇచ్చేవాడు. వెంకటేశ్వరుడు, మురుగన్, మునీశ్వరుడు, గులాబీ పూలు, జలపాతాలు. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్ల దగ్గర మంచి బొమ్మలుంటే, అవీ అడిగి మొత్తంగా ఆ ఫోల్డరులోకి లాక్కునేవాడు. అది పెరిగి పెరిగి గంపంత అయింది. ఎవరూ ఉత్త చేతులతో పోయేవాళ్లు కాదు. "ఆ అన్న మనసు మంచిది" అని ఆడవాళ్లు నాతో అనేవాళ్లు. నేనూ సంతోషపడ్డాను, దాచడం ఎందుకు.

మా పాప అప్పటికి కృష్ణగిరిలో పాలిటెక్నిక్ ఆఖరి ఏడు. మామిడి మండీకి వచ్చే బండ్లలో ఏది ముందు దింపుకోవాలో వరస చెప్పే ప్రోగ్రాం ఒకటి, తనూ ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి రాస్తున్నారు. అది చూపిస్తేనే డిప్లొమా. చూపించకపోతే ముగ్గురికీ ఏడాది పోతుంది. ఇంట్లో కొంత, కాలేజీ ల్యాబులో కొంత, పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ మోసేది. వాళ్ల నాయన అందులోనూ దేవుడి బొమ్మల ఫోల్డరు వేసి పంపేవాడు. ఇంట్లో లినక్స్, ల్యాబులో విండోస్, రెండు సిస్టంలలోనూ నడిచేలా రాశామని చెప్పింది.

చూపించాల్సిన రోజు ఎల్లుండి అనగా, సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. కళ్లు వాచి ఉన్నాయి.

"ల్యాబంతా వైరస్ పట్టింది. నా పెన్‌డ్రైవ్ నుంచే అంట."

"ఎవురు చెప్పింది?" అన్నాడు వాళ్ల నాయన. "మన సిస్టంకు రాదు కదా!"

"ల్యాబ్ సారు చెప్పినాడు. దేవుడి బొమ్మలని తెరిచిన వాళ్ల మిషన్లన్నీ పడిపోయినాయి. మొత్తం తుడిచేసినారు. మా ప్రోగ్రాం కూడా పోయింది. ఇంట్లో ఉండాది, తెస్తాను అంటే, మీ ఇంటి నుంచి పెన్‌డ్రైవ్ వద్దు, సీడీ వద్దు, ఏదీ గడప దాటకూడదు అన్నాడు. మా జత పిల్లలిద్దరూ నాతో మాట్లాడల్యా."

"ఆ సారుకు తెలీదు పాపా. మనది లినక్స్ అని చెప్పలేదా?"

"చెప్పినాను నాయనా! అందరికీ నేనే చెప్పినాను, మా ఇంటిదానికి రాదు, ధైర్యంగా తెరవండి అని!"

అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ పిల్ల మొహం చూసి తమ్ముడికి ఫోను చేసి రప్పించాను. వాడు దేవుడి బొమ్మల ఫోల్డరు తెరిచి, కిందికి పోయి పోయి, ఒకచోట ఆగాడు.

"బావా, ఇదేమి? దేవుళ్లలో దేవుడి మాదిరి కూర్చుని ఉండాది?"

"ఎవురి పెన్‌డ్రైవ్‌లోనో ఉండె. తీసేస్తే బొమ్మలు కనపడవేమోనని ఉండనిచ్చినాను."

"ఇదే వైరస్. విండోస్‌లో ఇది ఫోల్డరు మాదిరి కనపడతాది, నొక్కితే లేస్తాది. మన సిస్టంలో ఏమీ చెయ్యదు. సుమ్నే పడుకుని ఉంటాది."

"మన ఇంట్లో పడుకుని, ఊరోళ్ల ఇళ్లలో లేస్తాదా?" అన్నాను.

"అవునక్కా."

"మరి రాదని చెప్పినావే?"

"రాలేదు కదక్కా. దీనికి ఏమీ కాలేదు చూడు!"

పొయ్యి మీద సంగటి కెలికే కట్టె చేతిలో ఉంది. ఏమి చేసేదాన్నో నాకే తెలియదు. మా ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. వీధిలో ఎవరెవరికి బొమ్మలు ఎక్కించాడో తలుచుకుంటున్నాడని ఆ మొహమే చెబుతోంది. మగ్గిన పండ్లు పంచానని అనుకున్నాడు, పాపం, పురుగులు పంచాడు.

"పెన్‌డ్రైవ్ వద్దన్నాడు, సీడీ వద్దన్నాడు," అన్నాను. "పెట్టె వద్దన్నాడా?"

పాప తలెత్తింది. "పెట్టె గురించి ఏమీ చెప్పలేదు."

"అయితే పెట్టెనే తీసుకుపోదాం. వాళ్ల మిషన్లకు తగిలించేది లేదు. కరెంటు ఒకటి ఇస్తే చాలు."

చూపించాల్సిన రోజు పొద్దున్నే హోసూరులో బస్సెక్కాం. టీవీ లాంటి ఆ బరువు తెరను దుప్పటిలో చుట్టి నా ఒళ్లో పెట్టారు. పెట్టెను మా ఆయన కాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. "ఏమమ్మా, టీవీతో కాపరానికి పోతాండావా?" అన్నాడు కండక్టరు. "కాపరం దీనితోనే చేస్తాండాను పదేండ్లుగా" అన్నాను. శూలగిరి మలుపుల్లో అది నా మోకాళ్లను నలిపేసింది. మా ఆయన దారి పొడుగునా, "మెల్లగా పట్టుకోవే" అంటూనే ఉన్నాడు. నా మోకాళ్ల గురించి కాదు.

ల్యాబ్ సారు గడపలోనే చేతులు చాపి నిలబడ్డాడు. తమిళంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి దిగాడు.

"యాడికి తెస్తాండావప్పా ఆ పెట్టెను? ఆడనే పెట్టు, ఆడనే!"

"లోపలికి తేము సారూ," అన్నాను. "వరండాలో పెడతాం. ఏ తీగా తగిలించం. బిడ్డ చూపించుకుంటాది, ఎత్తుకుపోతాం. జబ్బు చేసినోళ్లను కూడా వాకిట్లో కూర్చోబెడతారు కదా సారూ."

ఆయన కాసేపు గొణుక్కున్నాడు. తరువాత ఒక బెంచీ చూపించాడు, గోడలో కరెంటు ఉన్న చోటు చూపించాడు. బయట ఊరి నుంచి వచ్చిన పరీక్ష సారు వరండాలోకే వచ్చి కూర్చున్నాడు. దూరం దూరంగా నిలబడిన స్నేహితురాళ్లు కూడా అప్పటికి పాప పక్కకు చేరారు. వాళ్ల ఏడాది కూడా ఆ పెట్టెలోనే ఉంది మరి. కరెంటు కోతల కాలం, ఎప్పుడు పోతుందో అని నేను ఆ గోడవైపే చూస్తూ కూర్చున్నాను. తెర మీద మామిడి బండ్లు వరసగా వచ్చాయి. పరీక్ష సారు ఏదో ఇంగ్లీషులో అడిగాడు, పాప ఏదో చెప్పింది, ఆయన నవ్వాడు. ఇంకోటి అడిగాడు. ఆ నవ్వు చూశాక నా మోకాళ్ల నొప్పి గుర్తొచ్చింది.

కథ అక్కడ ముగియాలి కదా? ముగియలేదు. క్లాసులో అబ్బాయి ఒకడు తన పెన్‌డ్రైవ్ తెచ్చి, ఇందులో ఫోల్డర్లన్నీ మాయమైపోయాయని ఏడుపు మొహం పెట్టాడు. పాప దాన్ని మా పెట్టెకు తగిలించింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. వైరస్ వాటిని దాచిపెట్టిందట. దాచినవాటిని కూడా మా సిస్టం చూపిస్తుందట. ఇంకేముంది, పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వరండా చివరిదాకా వరస! పొద్దున గడప దాటనివ్వని పెట్టె చుట్టూ మధ్యాహ్నానికి తిరునాళ్ల. ల్యాబ్ సారు కూడా వచ్చి వంగి చూశాడు.

"మంచి సిస్టమే ఉండాదప్పా ఇది! దీనికి వైరస్ రాదు కదా? నా ల్యాబంతా ఇదే ఏసేస్తాను. నువ్వు రేపు వచ్చి ఏసి ఇస్తావా?"

నేను తల పట్టుకున్నాను. మా ఆయన భుజాలు అప్పుడే లేవడం మొదలయ్యాయి. నోరు తెరిచాడు కూడా.

పాప అడ్డం వచ్చింది. "సార్, దీనికి రాకపోయినా దీని నుంచి వేరేవాళ్లకు పోతాది. ముందు ఉండేవన్నీ శుభ్రం చెయ్యాల. రేపు మేము ముగ్గురమూ వస్తాం, మామ దగ్గర అడిగి నేర్చుకుని వస్తాం." తరువాత వాళ్ల నాయనవైపు తిరిగింది. "నాయనా, నువ్వు మాత్రం రావద్దు."

ఆయన నావైపు చూశాడు, నేనేదైనా తన పక్షాన చెబుతానేమోనని.

"నా పక్క ఏమి చూస్తావు? పెట్టె ఎత్తు, బస్సు పోతాది" అన్నాను.