పగిలిన కుండ గడప దాటిన దారి

ఎనభైల్లో పెనుకొండ దగ్గర వేరుశనగ చేలో వెయ్యేళ్ళనాటి ఊరిని తవ్వే పురావస్తు శాఖవాళ్ళకు, కోనసీమ నుంచి వచ్చిన నేను జీపు డ్రైవర్ని. తవ్వకంలో దొరికిన కుండపెంకులు కడిగి, సిరాతో నంబర్లేసి ఆరబెట్టగానే వాన మొదలైంది. గోనెసంచిలోకెత్తి చేను పక్కింటికి పరుగెత్తాను. ఆ ఇంటి అవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"పగిలిన కుండ ఇంట్లోకి రాగూడదప్పా."

"వెయ్యేళ్ళనాటివి అవ్వా, తడిసిపోతాయి."

"వెయ్యేండ్లు తడిసినేవే గదా, ఈ పొద్దు కొత్తగా ఏమైతాది?"

ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు తెలిసిందే చెప్పాను. "నంబర్లు చెరిగితే ఏది ఎక్కడ దొరికిందో తెలీదవ్వా. మా సారు నన్నూ అక్కడే పూడ్చేస్తాడు."

అవ్వ నవ్వి, లోపలినుంచి కొత్త కుండ తెచ్చింది.

"దీంట్లో ఏసుకోని రా. గడప దాటేది మంచి కుండే గదా."

నంబర్లు బతికాయి. తెల్లారి బయటికి తెస్తుంటే ఆ కుండ ద్వారబంధానికి తగిలి పగిలింది. నేను తల దించుకున్నాను.

"దీనికి గూడా నంబరేసుకోని ఎత్తుకపో అబ్బా," అంది అవ్వ.