అక్క మైనపు దిమ్మ

ల్యాబ్‌లో అతన్ని కోతలరాయుడని ఏడిపిస్తారు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, ఇక గొప్పలెక్కడ కోస్తాడు. అతను కోసేది మైనంలో పొదిగిన రోగుల శరీరపు ముక్కల్ని, ఉల్లిపొరకన్నా పల్చగా.

పిత్తాశయం క్యాన్సర్ ముక్కలొస్తే, వాటిలో ఒక ప్రొటీన్ ఉందో లేదో చూడాలి. అది పెరిగిన కణాలు పక్క కణాల్ని వదిలేసి కాలేయంలోకి చొరబడతాయి. రంగు వేస్తే ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేకపోతే అంతా నీలం. అయితే రంగుమందు పాడైనా నీలమే. అందుకని ప్రొటీన్ ఖాయంగా ఉన్న పాత ముక్క ఒకటి ప్రతిసారీ పక్కన పెడతారు. అది గోధుమరంగుకు తిరిగితేనే రెండోదాని మాట నమ్మాలి.

ఆ పాత ముక్క అతని అక్కది. రంగు ఇంత బాగా తేలేది ఇంకోటి లేదని డాక్టరమ్మే ఎంచింది. దిమ్మ మీద అంకె తప్ప పేరు లేదు, ఎవరిదో ఆమెకు తెలీదు. ఆ అంకె గుర్తుపట్టిన అతనూ చెప్పలేదు.

తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. డొక్కలో పోటొచ్చినప్పుడల్లా "గ్యాస్ రా, నీదంతా కంగారు" అని నవ్వేసేది. కళ్ళు పచ్చబడేదాకా ఆ మాట మీదే ఉంది, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. తనైనా పట్టుబట్టి ఆస్పత్రికి లాక్కురాలేదే అని అతను కుమిలిపోతాడు. ఇప్పుడు మైక్రోస్కోప్ కింద కాలేయం వైపు అంచంతా ముదురు గోధుమరంగు. చూడాలంటే భయం, చూడకపోతే తోచదు. ఇంటికెళ్తే టీ కప్పు అడుగునా అదే రంగు కనబడుతుంది.

కోసినకొద్దీ అక్క తరిగిపోయింది. ఆ ఉదయం దిమ్మలో ఒక్క పొరకే సరిపడా మిగిలింది. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు.

"పాత ముక్క ఏదయ్యా?" అంది డాక్టరమ్మ.

"అయిపోయిందండీ."

"అది లేకుండా ఏం నమ్మను? ఇవాళ ముక్కొచ్చిన ఈవిడకి మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలో వద్దో తేల్చాలి. వాళ్ళ తమ్ముడు పొద్దున్నించీ మెట్ల మీదే ఉన్నాడు. ఇంకో దిమ్మ దొరికేదాకా ఆగమని చెప్పు."

అతను మెట్లదాకా వెళ్ళాడు. ఆ తమ్ముడు ఆస్పత్రి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని తలుపువైపే చూస్తున్నాడు. వెనక్కొచ్చి, దిమ్మ తీసి కోశాడు.

సాయంత్రం ఆవిడ ముక్క పరిచిన గాజుపలక అంతా నీలంగా వచ్చింది.

"రంగు పట్టలేదేమో," అంది డాక్టరమ్మ అనుమానంగా.

అతను రెండో పలక పెట్టాడు. అంచంతా ముదురు గోధుమరంగు.

"పట్టిందండీ. మా అక్క చెబుతోంది, నమ్మండి."

డాక్టరమ్మ తలెత్తి అతన్ని చూసింది. ఖాళీ అయిన దిమ్మ ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది.