మావయ్య వేలు, కొత్త కంప్యూటర్

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాకో కమిషన్ కొట్టుంది. అందులో కంప్యూటర్ ముందు కుర్చీ మా మావయ్యది. పొద్దున్నే రైతులు బెల్లం దిమ్మలు దించగానే, ఒక్కొక్కరి పేరూ ఊరూ టైపు చేసి, చీటీ తీసి, ఆ రాశి మీద పెట్టించేవారు. ఆ చీటీలు పెడితేనే వేలంపాట మొదలవుతుంది. కోడలిని నేను, పక్క బల్ల దగ్గర కూర్చుని మిగతా పనులు చూస్తాను.

పాత కంప్యూటర్‌కి స్విచ్ వేసి, దేవుడి పటానికి దండ మార్చి, అగరొత్తులు వెలిగించి, ఆ పొగ దానికీ ఓసారి చూపించేసరికి అది మేలుకునేది. కీబోర్డు సందుల్లోకి బెల్లం పొడి దిగి మీటలు బిగుసుకుపోయాయి. గట్టిగా నొక్కి, కాసేపు అలాగే పట్టుకుంటే తప్ప అక్షరం పడేది కాదు. మావయ్య ఒంటి వేలితో నొక్కి పట్టుకుని, తెర వైపు చూస్తూ "రా అమ్మా, రా" అని బతిమాలేవారు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. ఓపిక నా జాతకంలో లేదు. కొత్తది కొనమని మా ఆయన చెవిలో జోరీగలా పోరింది నేనే.

కొత్తది వచ్చింది. అగ్గిపుల్ల గీసేలోపే తెర వెలిగింది. "దేవుడికన్నా ముందే లేచీసిందమ్మా" అని మావయ్య మురిసిపోయారు. మునగపాక రైతు చీటీ కోసం, అలవాటుగా మీట గట్టిగా నొక్కి పట్టుకున్నారు. తెర నిండా 'మ'లు వరుసలు కట్టాయి. కంగారులో వాటిని తీసెయ్యబోయి ప్రింట్ ఇచ్చేశారు.

రైతు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి బావ, మా ఊరికి నత్తి వచ్చిందేటి?"

కొట్టంతా నవ్వింది. మావయ్యా నవ్వారు. మర్నాడు మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పక్క బెంచీ మీద చేరి, వచ్చేపోయేవాళ్లని పలకరిస్తూ ఉండిపోయారు. రమ్మంటే, "అది కుర్రది. నాకెందుకమ్మా, నువ్వే కొట్టీ" అనేవారు. ఆ మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. సొంత కొట్లో చుట్టంలా అయిపోయారు. నా ప్రాణం ఉసూరుమంది.

ఓ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు సెట్టింగుల్లో వెతికాను. మీట కాసేపు నొక్కి ఉంచితేనే అక్షరం పడేలా, ఎంతసేపు పట్టుకున్నా ఒక్కటే పడేలా మార్చుకోవచ్చట. మార్చేసి, నోరు మూసుకున్నాను. మర్నాడు తలనొప్పి వంక పెట్టి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. బుచ్చయ్యపేట రైతు చీటీ తప్పు లేకుండా వచ్చింది. మావయ్య మీసం ఓసారి దువ్వుకున్నారు.

చిక్కంతా మా ఆయనతో వచ్చింది. ఆయన టకటకా కొట్టే మనిషి. ఆ సాయంత్రం లెక్కలు ఎక్కించబోతే సగం అక్షరాలు పడటం లేదు. ఆయనకి అసలే ముక్కు మీద కోపం.

"దీనికన్నా పాతదే నయం. షాపోడి మొహాన పడీసి వత్తాను" అని వైరు పీకబోయారు.

నేను నోరు విప్పేలోగా మావయ్య అడ్డుపడ్డారు. "దాని తప్పు కాదురా. మీ ఆవిడ నాకోసం దాని కాళ్లకి బందం ఏసీసింది."

నేను తెల్లబోయాను. "మీకెలా తెలుసు మావయ్యా?"

"కుర్రది నాతో పాటు అంత నెమ్మదిగా నడుత్తందంటే, ఎవరో సెప్పుండాలి కదమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. "ఆ బందం విప్పీ. దాని పరుగు దాన్ని పరిగెత్తనీ. నేను తప్పు కొడితే పక్కన నువ్వుంటావు కదా."

నా కళ్లు నిండాయి. సెట్టింగు తీసేసి, నా కుర్చీ ఆయన కుర్చీ పక్కకి లాక్కున్నాను. మావయ్య వేలు ఆనించారు. నాలుగు అక్షరాలు పడ్డాయి. మూడు నేను చెరిపాను.