మా ఆయన అరచెయ్యి

రాజాంలో, చీపురుపల్లి రోడ్డు పక్కన మాకో పెయింటింగ్ షెడ్డుంది. టింకరింగ్ అయిన బండి మా దగ్గరికి వస్తే లప్పం పెట్టడం, ప్రైమర్ కొట్టడం, రంగు వేయడం మా ఆయన పని. నీళ్లు చల్లుకుంటూ గరుకు వాటర్ పేపర్‌తో రుద్ది నునుపు చేయడం నా పని. ఆడదానివి, నీకెందుకమ్మా ఈ చాకిరీ అని జాలిపడిన వాళ్లని, అంట్లు తోముతుంటే రాని జాలి కారు తలుపు తోముతుంటే ఎందుకొచ్చిందని అడిగేదాన్ని.

ఈ పనిలో కంటిని నమ్మకూడదు. బూడిదరంగు ప్రైమర్‌కి మెరుపుండదు, ఎత్తుపల్లాలన్నీ కడుపులో దాచుకుంటుంది. పైన నిగనిగలాడే రంగు పడ్డాకే అవి బయటపడతాయి. అప్పటికి పడ్డ కష్టమంతా దండగ. అందుకని ప్రైమర్‌కి ముందే రేకంతా అరచేత్తో తడిమి చూడాలి. మా ఆయన కళ్లు మూసుకుని, తలుపు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి చెయ్యి పోనిచ్చి, ఒకచోట వేలు ఆపి, ఇక్కడ మిట్టుంది అనేవాడు. పక్క షెడ్ల వాళ్లు కూడా ఆ చేతి కోసం పిలుచుకెళ్లేవారు. నాకూ గర్వంగానే ఉండేది. ఆయన ముందు మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు.

మొన్న వేసవిలో ఒక ధాన్యం వ్యాపారి నల్ల కారు తెచ్చాడు. ట్రాక్టరు తగిలి తలుపు సొట్టపోయింది. తలుపు రుద్దిన రోజు నాకు పంటి నొప్పి. చెంపకి తువ్వాలు కట్టుకుని, పొద్దున్నుంచి మొహం ముడుచుకునే రుద్దాను. హేండిల్ కింద చిన్న మిట్ట నా చేతికి తగిలింది. చివరి మాట ఎప్పుడూ ఆయనదే కాబట్టి చూసుకుంటాడులే అనుకున్నాను. ఆయన తడిమి, బాగుందన్నాడు. ప్రైమర్ కొట్టాడు, నల్లరంగు వేశాడు. తీరా బండిని ఎండలోకి తీస్తే, తలుపులో అద్దంలోలా కనబడే కరెంటు స్తంభం హేండిల్ కింద మెలిక తిరిగి ఉంది. వ్యాపారి పెద్దమనిషి, కేకలు వేయలేదు, మళ్లీ చెయ్యమని వెళ్లిపోయాడు. మా ఆయనే, రుద్దడం సరిగా లేదని అతని ముందు నన్ను అనేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం కంచంలో కుమ్మరించి, మూతి తిప్పుకుని కూర్చున్నాను. ఆయనా ఎటో చూస్తూ అందులో చెయ్యి పెట్టి కలిపేశాడు. వేళ్లు ఎర్రబడిపోతున్నాయి, మనిషి కదల్లేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాలుక కాలి, అప్పుడు ఉలిక్కిపడ్డాడు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆ చెయ్యి పట్టుకుని ఏమైందని అడిగాను.

"సెయ్యికి ఏటీ తెలీటం లేదే," అన్నాడు. "ముందు పాదాలు మొద్దుబారినాయి. ఇప్పుడు ఇదీని. సుగరే. సానా దినాలయ్యింది."

మరి ఇన్నాళ్లూ మిట్టలెక్కడున్నాయో ఎలా చెప్పావని అడిగాను.

"నీ మొకం సూసి సెప్పీవోన్ని. నువ్వు రుద్దతన్నప్పుడు ఎక్కడ నీ మొకం మారితే అక్కడ మిట్టున్నాదని తెలిసీది. మొన్న పంటి నొప్పితో పొద్దల్లా ఒకేలాగున్నావు. నాకేటి తెలుస్తాది?"

ఏడుపు ఆగలేదు. చెయ్యి పోయిందన్న బాధ ఒకెత్తు, పక్కనే ఉన్న నాతో చెప్పుకోలేక ఇన్నాళ్లూ దొంగలా నా మొహం చూస్తూ గడిపాడన్న బాధ ఇంకొకెత్తు.

తలుపుని మళ్లీ రేకు దాకా గీకాం. ఈసారి మిట్ట తగిలిన చోటల్లా నేను పైకే చెప్పాను, ఆయన సరిచేశాడు. ప్రైమర్ కొట్టి, కాసేపాగి, ఆరిందో లేదో చూడ్డానికి అలవాటుకొద్దీ చెయ్యి ఆనించాడు. ఆరిపోయిందన్నాడు. చెయ్యి తీసేసరికి తలుపు మీద అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి.

థిన్నర్‌లో గుడ్డ ముంచి ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆయన రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు. ఒక్కో వేలూ తుడుస్తున్నాను. గోళ్ల సందుల్లో బూడిదరంగు ఓ పట్టాన వదలడం లేదు.

"అయిపోనాదేటి?" అని అడిగాడు.

ఆయన చెయ్యి ఇంకా నా రెండు చేతుల మధ్యే ఉంది.